బెంచి మీద తొమ్మిది గంటలు

ఉస్త్-నేరా
29 జనవరి 2011

అన్నయ్యా,

ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు పేరు యెగోర్. ఒక అట్టపెట్టె కూడా ఇస్తాడు. ముందు ఉత్తరం చదువు, తర్వాత పెట్టె విప్పు. ఫోను చేద్దామనుకున్నాను గాని, హీటర్ల హోరులో కూర్చుని కూర్చుని నీకు ఫోనులో మాట వినపడటం లేదని రొదియోన్ చెప్పేవాడు.

నా కొడుకుని ఇరవై మూడో తేదీన పూడ్చాం. నేల తవ్వడానికి రెండు రోజులు మంటలు వేయాల్సివచ్చింది. నువ్వు రాలేదు. టెలిగ్రాం అందిందని తెలుసు. ఆ సంగతి ఇప్పుడు ఎత్తను.

జరిగింది ఇది. ఈ నెల పదహారున క్యుబ్యూమే దాటి కొండ ఎక్కుతుంటే ఇంజను గొట్టాల్లో డీజిలు గడ్డకట్టి వాడి లారీ ఆగిపోయింది. ఆ రోజు చలి మైనస్ యాభై నాలుగు. మంచు తీసే గ్రేడరు వాళ్ళు పంతొమ్మిదిన చూశారు. వాడు కేబిన్లో పడుకుని ఉన్నాడు, బూట్లు విప్పి, రెండు దుప్పట్లు కప్పుకుని. చనిపోయింది పదిహేడున అని డాక్టరు రాశాడు. ట్యాంకులో సగం డీజిలు ఉంది. బ్యాటరీల్లో కరెంటు ఉంది. ఇంజను ఆగినా ఆ రెండిటితో మండే కేబిన్ హీటరు మాత్రం ఆపేసి ఉంది.

టైర్లన్నీ అలాగే ఉన్నాయి. స్టెప్నీ కూడా. ఇన్‌స్పెక్టరు నా వంటింట్లో కూర్చుని అన్నాడు: "అమ్మా, మీకు తెలియంది కాదు. బతకాలనుకున్నవాడు ముందు స్టెప్నీ తగలబెడతాడు, ఆ తర్వాత ఒక్కో చక్రమూ విప్పుతాడు. మీవాడు అగ్గిపుల్ల కూడా గీయలేదు."

ఇంకొకటి రాయాలి. బయల్దేరే ముందు వాడికీ తయిసియాకూ గొడవైంది. గోడ ఇవతల నేనున్నాను. "పో, ఈసారి పోతే మళ్ళీ రాకు" అంది నా కోడలు. వాడు తలుపు మెల్లిగా వేసుకుని వెళ్ళాడు. కోపమొస్తే తలుపు ధడాలున వేసేవాడు, నీకూ తెలుసు.

పెట్టెలో ఉన్నది ఆ హీటరే. గడిచిన అక్టోబరులో నువ్వే బాగుచేసి ఇచ్చావు. బెంచి మీద పెట్టి చూడు. దానంతట అది ఆగిందా, వాడే ఆపుకున్నాడా, నాకు అదొక్కటే తెలియాలి. ఫిబ్రవరి ఇరవై అయిదు నలభయ్యో రోజు, వాడి పేరున అందరికీ భోజనం పెట్టాలి. ఆ బల్ల దగ్గర కోడల్ని నా పక్కన కూర్చోబెట్టుకోవాలో వద్దో అప్పటికి నాకు తెలిసి ఉండాలి.

కపితొలీనా

*

నీజ్నీ బెస్త్యాఖ్
4 ఫిబ్రవరి

కపా,

ఉత్తరం చేరింది. పెట్టె చేరింది. నీ యెగోర్ రెండిటి మీదా టీ ఒలకబోసి తెచ్చాడు.

నేనెందుకు రాలేదని అడగనంటూనే అడిగావు. చెప్తాను. పాతికేళ్ళ కిందట డిపో మీటింగులో నన్ను పంపించెయ్యాలా అని చేతులెత్తమన్నప్పుడు, బండ్లు పంపే డిస్పాచర్ల వరసలో కూర్చున్న నా సొంత చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి మీ ఊళ్ళో నలుగురు కూడిన చోటికి నేను రాను. చావుకైనా సరే. ఇది గొప్ప కారణమని నేననుకోవడం లేదు. ఉన్న కారణం ఇదే.

రొదియోన్ నాలుగేళ్ళు నా బెంచి దగ్గర పని నేర్చుకున్నాడు. మంచి చెయ్యి. పంపు చప్పుడు విని నూనె సరిగా వస్తోందో లేదో చెప్పేవాడు. తర్వాత "మామయ్యా, ఇక్కడే కూర్చుంటే నీకంటే ముందు నేను ముసలాణ్ణవుతాను" అని స్టీరింగు పట్టుకుని పోయాడు. పోయినవాడి మీద నేను కోపం పెట్టుకోలేదని రాస్తే అది అబద్ధం.

నేనెలా పరీక్ష చేస్తానో నీకు తెలీదు కాబట్టి రాస్తున్నాను. రోడ్డవతల కార్ప్ షెడ్డులో అయితే హీటరును చేత్తో పట్టుకుని తీగలు తగిలించి, బుస్సుమనగానే "అయిపోయింది, తీసుకెళ్ళు" అంటారు. కార్ప్ పన్నెండేళ్ళు నా దగ్గర పనిచేసి, నా తిండి తిని, ముసలాడికి కళ్ళు పోయాయని డ్రైవర్లందరికీ చెప్పుకుని బాగుపడ్డవాడు. నేను ఇనప బెంచికి బిగిస్తాను. గీతలు గీసిన గాజు సీసాలో డీజిలు పోసి నిమిషానికి ఎంత తాగుతోందో చూస్తాను. పొగగొట్టం గోడలోంచి బయటికి ఉంటుంది, పొగ రంగు చూస్తాను. వేడిగాలికి థర్మామీటరు పెడతాను. ఆ తర్వాత మొత్తం ఊడదీసి పన్నెండు గంటలు బయట చలిలో పడేసి, మళ్ళీ బిగించి వెలిగిస్తాను. చలిలో వెలిగితేనే వెలిగినట్టు.

నీ హీటరు మొదటిసారికే అంటుకుంది. తొమ్మిది గంటలు ఆగకుండా మండింది. పొగ లేదు, మసి లేదు. హీటరులో ఏ లోపమూ లేదు.

సాయంత్రాలు చక్రవర్తుల చరిత్రలు చదువుతున్నాను, మూడోసారి. విషం తాగి చచ్చినవాళ్ళున్నారు, కొడుకు చేతిలో చచ్చినవాళ్ళున్నారు. తప్పు ఒప్పుకుని చచ్చినవాడు ఇంకా తగల్లేదు.

ఒంట్లో జాగ్రత్త.

ఇన్నొకెంతీ

*

ఉస్త్-నేరా
9 ఫిబ్రవరి

అన్నయ్యా,

చుట్టూ తిప్పకుండా రాసినందుకు నీకు రుణపడి ఉంటాను. ఇక్కడ అందరూ నా మొహం చూసి మాట మారుస్తున్నారు. నువ్వొక్కడివే ఉన్నదున్నట్టు చెప్పావు. హీటరులో లోపం లేదు. అంటే నా కొడుకు తన చేత్తో ఆపేసుకుని, బూట్లు విప్పి పడుకున్నాడు.

నీ ఉత్తరం తయిసియా ముందు పెట్టాను. చదివింది. మళ్ళీ చదివింది.

"అత్తమ్మా, మీ అన్నయ్య బెంచి మీద హీటరు మండింది కాబట్టి, అక్కడ నా మొగుడు చచ్చిపోవాలనుకున్నాడంటారా?"

"నేననటం లేదు. మా అన్నయ్య అంటున్నాడు. జీవితంలో ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడటం చేతకానివాడు, పనిలో మాత్రం అబద్ధం చెప్పడు."

"రాకు అన్నాను. నిజమే. ప్రతి ట్రిప్పుకీ అంటాను. అలా అంటే తిరిగొస్తాడని మా అమ్మ నాకు నేర్పింది. ఆయనకి తెలుసు."

"ఈసారి వాడు నమ్మాడు" అన్నాను.

పొయ్యి మీద చేప మాడిపోయింది. మర్నాడు రెండు సంచులు సర్దుకుని ఖందిగా వెళ్ళే బండెక్కింది. అక్కడ డ్రైవర్ల క్యాంటీనులో ఇదివరకు వంట చేసేది, మళ్ళీ తీసుకున్నారట. వెళ్ళేటప్పుడు వాడి పాత స్వెట్టరు అడిగింది. ఇవ్వలేదు.

కపితొలీనా

*

నీజ్నీ బెస్త్యాఖ్
13 ఫిబ్రవరి

కపా,

నువ్వు చదవడం ఎప్పుడు నేర్చుకుంటావు? హీటరు పనిచేస్తోందని రాశాను. మీవాడు చావాలనుకున్నాడని ఎక్కడ రాశాను? ఆ వాక్యం చూపించు. చిన్నప్పుడు నాన్న "రేపు చూద్దాం" అంటే నువ్వు "సరే అన్నాడు" అని ఊరంతా చెప్పేదానివి. ఇప్పుడూ అంతే.

లక్ష రకాలుగా జరిగి ఉండొచ్చు. రోజంతా మంచులో పాకుతూ ఇంజను కింద పనిచేసినవాడు వొళ్ళు తెలీకుండా పడి ఉండొచ్చు. హీటరు వెయ్యడం మరిచిపోయి ఉండొచ్చు. ఉక్కపోసి ఆపి, కాసేపాగి వేద్దామనుకుని కునుకు తీసి ఉండొచ్చు. ఇన్‌స్పెక్టరుకు రాసుకోవడానికి ఒక కారణం కావాలి, రాసుకున్నాడు. ఆ జాతిని నేనెరుగుదును. డిపోలో నా మీద రిపోర్టు రాసినవాడు కూడా అంత చక్కటి దస్తూరితోనే రాశాడు.

ఆ పిల్లను వెనక్కి పిలు. స్వెట్టరు ఇచ్చెయ్యి. ఎందుకని అడక్కు. నీకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాణ్ణి, ఒక్కసారి చెప్పిన మాట విను.

నాకు ఈ వారం నిద్ర పట్టడం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ. పని కూడా మానేశాను. డ్రైవర్లు హీటర్లు పట్టుకొచ్చి తలుపు కొట్టి, కార్ప్ దగ్గరికి పోతున్నారు. పోనీ.

ఇన్నొకెంతీ

*

ఉస్త్-నేరా
17 ఫిబ్రవరి

అన్నయ్యా,

మైనస్ యాభై నాలుగులో హీటరు వెయ్యడం మరిచిపోయే డ్రైవరు ఉంటాడా? వాడికి పని నేర్పింది నువ్వు. ఉక్కపోసిందట. నన్ను చిన్నపిల్లను చేసి ఊరడించొద్దు. మొదటి ఉత్తరంలో మనిషిలా రాశావు. రెండోదాంట్లో ప్లీడరులా రాశావు. నేను మొదటిదాన్నే నమ్ముతాను.

ఒకటి అడుగుతాను, దీనికైనా సూటిగా చెప్పు. అక్టోబరులో వాడు నీ దగ్గర ఒక పూట ఉన్నాడు. ఎలా ఉన్నాడు? దిగులుగా ఉన్నాడా? పెళ్ళాం గురించి ఏమైనా అన్నాడా? తల్లికి చెప్పనిది మేనమామకు చెప్పి ఉంటాడని నా ఆశ.

తయిసియా నిన్న ఫోను చేసింది. "నలభయ్యో రోజుకి రానా అత్తమ్మా? వంటింట్లోనే ఉంటాను, బల్ల దగ్గరికి రాను" అంది. వద్దన్నాను. డిపో వాళ్ళందరూ వస్తారు. తేనె వేసి గోధుమలు నేనే వండుతాను. అందరూ కూర్చున్నాక లేచి నిలబడి, నా కొడుకు ఎందుకు పోయాడో, ఎవరి మాటకి పోయాడో చెప్తాను. ఇప్పుడు ఊళ్ళో సగంమంది ఆమె మీద జాలిపడుతున్నారు. నిజం వాళ్ళకీ తెలియాలి.

కపితొలీనా

*

నీజ్నీ బెస్త్యాఖ్
20 ఫిబ్రవరి

కపా,

ఈ ఉత్తరం యెగోర్ చేతికే ఇస్తున్నాను. నలభయ్యో రోజుకు ముందే నీకు ఇస్తానని ఒట్టేశాడు. కూర్చుని చదువు.

అక్టోబరులో రొదియోన్ దిగులుగా లేడు. మాంసం కూరిన పెల్మేని రెండు పళ్ళేలు తిన్నాడు. ఎండాకాలంలో మీ ఇంటి వెనక స్నానాలగది కడతానన్నాడు, తయిసియాకి ఆవిరి స్నానమంటే పిచ్చి అన్నాడు. పెళ్ళాం రావొద్దంటుందని కూడా చెప్పాడు, నవ్వుతూ: "మామయ్యా, అది 'మళ్ళీ రాకు' అనకపోతే నాకు బండి కదలదు." ఈ మాట నేను మొదటి ఉత్తరంలోనే రాసి ఉండాల్సింది. రాస్తే తర్వాతదీ రాయాల్సి వచ్చేది.

తర్వాతది ఇది. ఈ హీటర్లో ఒక ప్లగ్గు ఉంటుంది, వేలంత. కరెంటు తగిలితే ఎర్రగా కాలి డీజిలును అంటిస్తుంది. ఒకసారి మంట పట్టాక దానితో పని లేదు. కానీ ఆ చలిలో డీజిలు చిక్కబడి ఒక్క గుక్క అందకపోయినా మంట ఆరిపోతుంది. అది లోపం కాదు, ఏ హీటరైనా ఆరుతుంది. ఆరిన వెంటనే యంత్రమే ప్లగ్గును కాల్చి మళ్ళీ వెలిగించుకుంటుంది. రెండుసార్లు చూస్తుంది. రెండుసార్లూ అంటుకోకపోతే తనంతట తాను ఆగిపోతుంది. ఎవరూ ఆపక్కర్లేదు. చూసేవాడికి మాత్రం ఎవరో ఆపేసినట్టే ఉంటుంది.

వాడు ఆ రోజు కొత్త ప్లగ్గు తెచ్చుకున్నాడు. నీలం డబ్బాలో.

"మామయ్యా, పాతది తీసేసి ఇది పెట్టు."

"ఎక్కడిది?"

"ఎక్కడిదైతే ఏంటి, ప్లగ్గు ప్లగ్గే."

"ఆ డబ్బా నేనెరుగుదును. కార్ప్ కొట్లోది."

"అవును, కార్ప్ కొట్లోదే. నీ దగ్గర కొత్తవి లేవు కదా మరి."

"నా దగ్గర చేతులున్నాయి. వాడి సరుకు నా బెంచి మీద పెడితే ఆ చేతులు నరుక్కుంటాను."

డబ్బాతో సహా తీసుకెళ్ళి తుక్కు పీపాలో వేశాను. పాత ప్లగ్గుకు మసి కాల్చి, తోమి, కరెంటు పెట్టి చూపించాను. ఎర్రగా వెలిగింది. కొంచెం ఆలస్యంగా వెలిగింది. అది నాకు తెలిసింది. అలా ఆలస్యమైతే ఆ ప్లగ్గు ఆయుష్షు అయిపోవచ్చిందని అర్థం. వేరే ఎవరి బండి అయినా మార్చేవాణ్ణేమో. కార్ప్ పేరు విన్నాక మార్చలేదు.

రొదియోన్ నవ్వాడు. "సరేలే, నీ ఇష్టం. నువ్వు చెయ్యి పెట్టావంటే నేను నిద్రపోతా, నాకదే చాలు."

నువ్వు పంపిన పెట్టె విప్పి బెంచికి బిగించాను. వెలగలేదు. ప్లగ్గు లోపల తీగ తెగిపోయి ఉంది. ఆ హీటరు కంట్రోల్ పెట్టెకు జ్ఞాపకం ఉంటుంది, చివరి తప్పులు దాచుకుంటుంది. చదివే మీటరు నా దగ్గరుంది. తగిలించి చదివాను. మంట ఆరింది. మొదటి ప్రయత్నం, అంటుకోలేదు. రెండో ప్రయత్నం, అంటుకోలేదు. ఆగింది. ఆ తర్వాత ఏమీ లేదు. మేలుకున్నవాడైతే మళ్ళీ మళ్ళీ బటన్ నొక్కేవాడు, ఆ నొక్కుళ్ళన్నీ అందులో ఉండేవి. ఒక్కటీ లేదు. వాడు లేవలేదు కపా. ఇంజనుతో కుస్తీపట్టి అలిసి, హీటరు మండుతుండగా బూట్లు విప్పుకుని పడుకున్నాడు. నిద్రలోనే పోయాడు.

టైర్లు ఎందుకు కాల్చలేదని ఇన్‌స్పెక్టరు అడిగాడు కదా. హీటరు మండుతుంటే టైర్లు ఎవడు కాలుస్తాడు? నేను బాగుచేసిన హీటరు అది. అందుకని కాల్చలేదు.

అంతా చదివి, నేనేం చేశానో విను. ఆ జ్ఞాపకాన్ని తుడిచేశాను. ఒక్క బటన్, రెండు క్షణాలు. వేరే హీటరులోంచి మంచి ప్లగ్గు తీసి దీనికి బిగించాను. అప్పుడు తొమ్మిది గంటలు మండించి, హీటరులో లోపం లేదని నీకు రాశాను. నా పేరు పోకుండా కాపాడుకుందామనుకున్నాను. దానికి బదులుగా నువ్వు ఆ పిల్లను గెంటేస్తావని నాకు తట్టలేదు. తట్టాక కూడా వారం రోజులు ఊరుకున్నాను.

ఈ ఉత్తరాన్ని నలభయ్యో రోజు బల్ల దగ్గర పైకి చదువు. తయిసియాను పిలిపించి, ఆమె ముందు చదువు.

ఇన్నొకెంతీ

*

ఉస్త్-నేరా
27 ఫిబ్రవరి

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇరవై రెండునే అందింది. చదివి ఏడ్చాను. మన అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

నీలో ఇంత దయ ఉందని నాకు తెలీదు. ఇన్నేళ్ళు నిన్ను రాతిమనిషివనుకున్నాను. మేనల్లుడి మీద పడ్డ మచ్చ తుడవటానికి, ఒక పరాయి పిల్లను కాపాడటానికి, ఇంత నిందను నీ నెత్తినే వేసుకున్నావు. కానీ అన్నయ్యా, నువ్వు అబద్ధం సరిగా చెప్పలేవు. డెబ్భై రెండేళ్ళలో ఒక్క తప్పు ఒప్పుకున్నవాడివి కాదు. నిన్ను డిపోలోంచి తీసేసినప్పుడు కూడా విరిగిన బోల్టుదే తప్పు, బిగించిన నీది కాదన్నావు. అలాంటిది ఒక్కసారే నాలుగు తప్పులు ఒప్పుకుంటే నమ్ముతానా? ఆ పెట్టె జ్ఞాపకం కూడా అడక్కుండానే తుడిచేశానన్నావు, చూపించమంటే చూపించడానికి ఏమీ లేకుండా. మొదటి ఉత్తరంలో గాజుసీసా గీతలతో సహా రాశావే, అది నిజం. పని గురించి నువ్వు అలాగే రాస్తావు.

బల్ల దగ్గర చదవలేదు. ఆ ఇన్‌స్పెక్టరు చెవిన పడితే నీ మీద కేసు పెడతాడని భయమేసి పొయ్యిలో వేశాను. నేను అనుకున్నదే లేచి చెప్పాను. అందరూ తలలు దించుకుని విన్నారు. యెగోర్ భార్య ఒక్కతే, "పాపం ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?" అంది. మధ్యాహ్నం తయిసియా ఫోను చేసింది. పెట్టేశాను.

డిపో మీటింగు సంగతి రాశావు. ఆ రోజు నేను చెయ్యెత్తలేదు. నీ వైపూ ఎత్తలేదు, వాళ్ళ వైపూ ఎత్తలేదు. భయపడ్డాను. ఇప్పుడు నువ్వు నా కోసం ఇంత చేశాక అది మనసులో పెట్టుకోవద్దని అడుగుతున్నాను.

నీ చెల్లి
కపా

*

నీజ్నీ బెస్త్యాఖ్
3 మార్చి

కపా,

నేను దయగలవాణ్ణి కాను. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను చాలా అన్నావు. చాలావరకు న్యాయమే. ఇదొక్కటే అన్యాయం.

కాగితం మీద రాస్తే నువ్వు నమ్మవు, నమ్మితే కాల్చేస్తావు. అందుకని బెంచి గోడనుంచి ఊడదీశాను. నాలుగు బోల్టులు, రెండు తుప్పు పట్టి విరిగాయి. దాన్నీ, మీ హీటరునూ, బ్యాటరీనీ యెగోర్ బండిలో వేసుకుని ఎల్లుండి బయల్దేరుతున్నాను. తెగిపోయిన ప్లగ్గు నా కోటు జేబులో ఉంది. పారెయ్యలేదు. దానిని నేనెందుకు దాచానో నాకే తెలీదు, పారెయ్యటానికి చెయ్యి రాలేదు.

నిన్న రోడ్డు దాటి కార్ప్ షెడ్డుకు వెళ్ళాను. పదేళ్ళ తర్వాత. వాడు లేచి నిలబడి, పాత అలవాటు కొద్దీ మన నాన్న పేరు పెట్టి నన్ను పిలిచాడు.

"ప్రొకోపిచ్, దారి తప్పావా?"

"నీలం డబ్బాలో ప్లగ్గు ఒకటి కావాలి."

"నీకా? నా దగ్గరా? ఎవరు పోయారు?"

చెప్పాను. మొత్తం చెప్పాను, తుక్కు పీపాతో సహా. వాడు పాత టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. గెలిచినట్టు మొహం పెడతాడేమోనని చూశాను. పెట్టలేదు. డబ్బా చేతికిచ్చి, "మంచి ప్లగ్గు ఇది. ఈ కంపెనీది నా దగ్గర ఒక్కటీ తిరిగి రాలేదు" అన్నాడు, అంతే. మేం చేతులు కలపలేదు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. వంటింటి బల్ల ఖాళీ చెయ్యి. ముందు తెగిన ప్లగ్గు బిగిస్తాను. బటన్ నువ్వే నొక్కాలి. అది రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోతుంది, ఆరేడు నిమిషాలు పడుతుంది. మీ ఇన్‌స్పెక్టరు చూసినట్టే, ఎవరో ఆపేసినట్టు చల్లగా ఉంటుంది. చెయ్యి పెట్టి చూడు. ఆ తర్వాత నీలం డబ్బాలోది బిగిస్తాను. అది వెలుగుతుంది. అప్పుడు నీ కొడుకు చావాలనుకోలేదని నీకు తెలుస్తుంది. వాణ్ణి చంపింది ఎవరో కూడా తెలుస్తుంది. రెండూ ఒకేసారి తెలుస్తాయి, ఒకటి వదిలి ఒకటి తీసుకోవడం కుదరదు.

ముందు ఖందిగాలో దిగి క్యాంటీనుకు వెళ్తాను. అక్కడి బల్ల మీదే తయిసియాకు ఇదంతా చేసి చూపిస్తాను. వచ్చిన డ్రైవర్లు చూస్తే చూడనీ. ఆ తర్వాత ఆమెను నాతో రమ్మని అడుగుతాను. వస్తుందని అనుకోను.

వస్తే ఇద్దరం నీ గుమ్మంలో దిగుతాం. రాకపోతే నేనొక్కణ్ణే దిగుతాను. అప్పుడు కూడా తలుపు తియ్యి.

ఇన్నొకెంతీ